కరెంటుకు మడి కట్టేవాళ్ళు

హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా ఫామ్‌హౌస్‌లు పెరిగాయి, వాటిలో ఖరీదైన ఆడియో సెట్లూ చేరాయి. వెంటే ఒక నమ్మకం కూడా వచ్చింది. ఊరి కరెంటు మైలపడిందనీ, వేలు పోసి కొన్న పవర్ కేబులూ యూఎస్‌బీ తీగా దాన్ని శుద్ధి చేస్తే పాట తేటపడుతుందనీ.

మైల పూర్తిగా అబద్ధం కాదు. పొలంలో బోరు మోటారు ఆన్ చేయగానే వోల్టేజీ కుంగుతుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు తీగల్లోకి రొద వదులుతాయి. ఆ రొద పాటలోకి ఎక్కడ దూరుతుందన్నదే అసలు ప్రశ్న.

అంకెల్లోకి మాత్రం కాదు. సీడీ స్థాయి పాటంటే సెకనుకు 14,11,200 బిట్లు, ఒక్కొక్కటీ సున్నానో ఒకటో. రొద కాస్త తగిలినా చిప్పు ఒకటిని ఒకటిగానే చదువుతుంది. మరీ ముదిరితే పాట టక్కుమంటుంది, లేదా మధ్యలో తెగుతుంది. అంతేగానీ వీణ నాదం మెత్తబడదు, గాయని గొంతు కమ్మబడదు.

అంకెలు మళ్ళీ అనలాగ్ సంకేతంగా మారిన తర్వాత మాత్రం రొదకు దారి దొరుకుతుంది. లాప్‌టాప్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి చార్జర్ పెట్టి చూడండి, చాలాచోట్ల స్పీకరు గుయ్యిమంటుంది. చార్జర్ పీకితే ఆగుతుంది. రెండు పరికరాల ఎర్తులూ ఆడియో తీగ తొడుగు గుండా కలిసి వలయం ఏర్పడింది. ఎర్తుల మధ్య ఉన్న చిన్న వోల్టేజీ తేడాకు ఆ తొడుగులో కరెంటు పారుతోంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి మోత 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర వినిపిస్తుంది. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టినా, మధ్యలో ఆప్టికల్ తీగ వేసినా చాలావరకు పోతుంది. కాంతికి ఎర్తుతో పనిలేదు.

మరి కేబుల్ మార్చాక తేడా విన్నామనేవారు అబద్ధాలాడుతున్నారా? లేదు, నిజంగానే విన్నామనుకుంటారు. మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. వీసా కోసం మొక్కుకుని, అది రానివారు ఆ 108కి రారు. అందుకే 108 తిరిగే గుంపులో ఫలితం దక్కినవారే కనిపిస్తారు. కేబుల్ మహిమ చెప్పేవారూ అలా మిగిలినవారే. తేడా వినపడనివారు మాట్లాడరు. పైగా పెట్టిన డబ్బు చెవిని ఒప్పిస్తుంది.

తేల్చుకోవడం తేలిక. ఏ తీగ పెట్టారో వినేవారికీ, పక్కనున్నవారికీ తెలియకుండా మార్చుతూ పదిసార్లు అడగాలి. గుడ్డిగా చెప్పి పదికి పది కొట్టే అవకాశం 1024లో ఒకటి. 2007లో, మహిమల గుట్టు విప్పే ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ, 7,250 డాలర్ల స్పీకరు తీగను మామూలు తీగ నుంచి ఇలా వేరుపరిస్తే పది లక్షల డాలర్లిస్తానన్నారు. మహిమలు చూపండంటూ బాబాలకు హేతువాది కోవూర్ విసిరిన సవాలు వంటిదే అది. ఆ పరీక్ష జరగనేలేదు.

డబ్బు పోవడం కన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. మోత ఆపడానికి ప్లగ్గు మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, తీసేయమనే సలహా. తీస్తే మోత నిజంగానే ఆగుతుంది. కానీ లోపల ఫేజు తీగ పరికరం లోహపు డబ్బాకు తగిలిననాడు ఆ డబ్బా 230 వోల్టుల మీద ఉంటుంది, ముట్టుకున్న మనిషి గుండా కరెంటు నేలకు దిగుతుంది. కేబులుకు పెట్టే డబ్బులో కొంతతో ఎర్త్ గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపించి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ నిరోధం కొలిపించుకోవచ్చు. ఎండాకాలం ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తుండాలి, నేల ఎండితే నిరోధం పెరుగుతుంది.