రెక్కల గుర్రం, అంకుడు బొంగరం

ఆటబొమ్మకూ అంతరిక్ష నౌకకూ చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే మనం నవ్వి ఊరుకుంటాము. చరిత్ర పుటలు తిరగవేస్తే మాత్రం ఆ చుట్టరికం చాలా దగ్గరిదని తెలుస్తుంది. ఈ నెల అటువంటి కొన్ని వింత విశేషాలను పాఠకుల ముందుంచుతున్నాను. పెద్దలు చదివి, ఇంట్లోని పిల్లలకు వినిపించవలసిందిగా మనవి.

మదీనాలో రెక్కల గుర్రం

హజ్రత్ ఆయిషా (రజి) వద్ద చిన్ననాటి బొమ్మలు ఉండేవి. ఒకనాడు గాలికి తెర తొలగి, అవి దైవప్రవక్త ముహమ్మద్ (స) కంటపడ్డాయి. ఆ బొమ్మల నడుమ గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉంది. అదేమిటని ఆయన అడిగారు. గుర్రమని ఆమె చెప్పారు. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యం ప్రకటించగా, సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆ జవాబుకు ప్రవక్త (స) మనసారా నవ్వారు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఈ ఉల్లేఖనం ఉంది. పిల్లల బొమ్మల విషయంలో అధిక సంఖ్యాకులైన ఫిఖహ్ పండితులు మినహాయింపు ఇవ్వడానికి ఇటువంటి ఉల్లేఖనాలే ఆధారం. ఎగిరే బొమ్మను చూసి ఆయన మందలించలేదు. ప్రశ్న అడిగారు, జవాబు పూర్తిగా విన్నారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

వరాహ తీరాన బొంగరం

మా నాతవరం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు మెత్తని అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి, ఉలితో చెక్కుతారు. కర్ర తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్కను దానికి అదుముతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటి ప్రకృతి సిద్ధమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చేందుకు కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసిపిల్లలు ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటారు గనుక, రంగు దేనితో చేశారన్నది చిన్న విషయం కాదు.

అక్కడి బొంగరం తిరుగుతూ పుట్టి, తిరగడానికే బతికే వస్తువు. వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు దిశను అంత సులువుగా విడిచిపెట్టదు. ఈ ధర్మం ఆధారంగానే గైరోస్కోపు అనే పరికరం తయారయింది. రాకెట్టు ఎటు ఒరుగుతున్నదో, ఉపగ్రహం ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో తెలుసుకోవడానికి అటువంటి పరికరాలు తోడ్పడ్డాయి. అస్ర్ నమాజు తరువాత మా మదరసా ఆవరణలో పిల్లలు తిప్పే బొంగరంలోనూ ఉన్నది ఆ ధర్మమే.

నౌకలో ఆటవస్తువులు

1985 ఏప్రిల్ 12న అమెరికా అంతరిక్ష నౌక డిస్కవరీ పదకొండు ఆటవస్తువులను మోసుకుపోయింది. భారరహిత స్థితిలో అవి ఎలా ప్రవర్తిస్తాయో బడి పిల్లలకు చూపడమే ఉద్దేశం. మన అరుగు మీద బొంగరం వేగం తగ్గగానే తూలి పడిపోతుంది. అక్కడ దాన్ని కిందికి పడదోసే బరువు లేదు గనుక ఇరుసు దిశ మార్చకుండా తేలుతూ తిరుగుతుంది. ఇక్కడ మెట్లు దిగే స్ప్రింగు బొమ్మ అక్కడ ఒక్క అడుగు కూడా వేయలేకపోయింది. నిన్నమొన్నటి ముచ్చట మరొకటి ఉంది. 2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా ప్రయాణించిన నౌకలో జాయ్ అనే హంస బొమ్మ ఉంది. అది గాలిలో తేలడమే భారరహిత స్థితి వచ్చిందనడానికి గుర్తు.

అంతరిక్షంలో ఖిబ్లా ఎటు?

బొమ్మలు వెళ్ళి వచ్చిన రెండు నెలలకే, 1985 జూన్ 17న, అదే డిస్కవరీలో సౌదీ రాజకుమారుడు సుల్తాన్ బిన్ సల్మాన్ ప్రయాణించారు. అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి ముస్లిం ఆయనే. అవి రమజాన్ చివరి రోజులు. 2007లో మలేషియాకు చెందిన షేఖ్ ముజఫ్ఫర్ ప్రయాణం కూడా రమజాన్ చివరనే జరిగింది. అంతరిక్ష కేంద్రం సుమారు తొంభై నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. మన ఒక్క రోజులో అక్కడ సుమారు పదహారు సూర్యోదయాలు. మరి నమాజులు ఎన్ని? ఖిబ్లా ఎటు?

ఇది నవ్వులాట ప్రశ్న అని మలేషియా ఉలమాలు తోసిపుచ్చలేదు. కూర్చుని చర్చించి మార్గదర్శకాలు రూపొందించారు. రోజుకు ఐదు నమాజులే; వేళలకు నౌక బయలుదేరిన ప్రదేశమే ప్రమాణం. సాధ్యమైతే కాబా వైపు, కాకుంటే కాబాకు సూటిగా పైనున్న దిశ వైపు, అదీ కాకుంటే భూమి వైపు, ఏదీ వీలుకానప్పుడు ఎటైనా ముఖం తిప్పవచ్చు.

పులిబొమ్మ, ఇనుప గొట్టం

టిప్పు సుల్తాన్ వద్ద కొయ్యతో చేసిన పెద్ద పులిబొమ్మ ఉండేది. అది ఒక ఐరోపా మనిషిపై పడి ఉంటుంది. పిడి తిప్పితే ఆ మనిషి చేయి కదులుతుంది, పులి గుర్రుమంటుంది. ఆయన సైన్యం వద్ద ఇనుప గొట్టాల రాకెట్లు కూడా ఉండేవి. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక పులిబొమ్మ, రాకెట్లు రెండూ ఇంగ్లండుకు చేరాయి. బొమ్మ నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. రాకెట్లను విలియం కాంగ్రీవ్ వంటివారు పరిశీలించి, మరింత దూరం పోయేవాటిని తయారు చేశారు. 1963లో అమెరికా వెళ్ళిన అబ్దుల్ కలాం గారు అక్కడి వాలప్స్ కేంద్రంలో టిప్పు రాకెట్ల చిత్రాన్ని చూశారు. ఆయన సారథ్యంలోనే 1980 జూలై 18న మన తెలుగు తీరమైన శ్రీహరికోట నుండి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది.

టిప్పు మనవాడని చెప్పుకోవడానికి శ్రమ అక్కరలేదు. ఆ గొట్టాన్ని విప్పి, ఇది ఎలా ఎగిరిందని అడగడానికే శ్రమ కావాలి. ఆ అలవాటు బాల్యంలోనే పడాలి. అల్లరి మానేందుకు పిల్లల చేతికి ఫోను ఇచ్చి ఊరుకుంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. కాని ఆ నిశ్శబ్దంలో ప్రశ్నలు కూడా ఆగిపోతాయి. ఈ సెలవుల్లో ఒక కొయ్య బొంగరం కొని ఇవ్వండి. అది ఎందుకు పడిపోకుండా నిలబడిందో మీ అబ్బాయినీ, అమ్మాయినీ సమానంగా అడగండి. జవాబు వింతగా ఉన్నా పూర్తిగా వినండి. పిల్లల బొమ్మను చూసి ప్రశ్న అడగడం, జవాబు విని నవ్వడం ప్రవక్త (స) చూపిన మర్యాద. అల్లాహ్ మన పిల్లల జ్ఞానాన్ని వృద్ధి చేయుగాక! ఆమీన్.