ప్రార్థించినవాడు చేయవలసిన పని

ఊరంతా ఎదురు తిరిగినప్పుడు దేవుడి మీద భారం వేయడమంటే ఏమిటో తెలియాలంటే కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితం చూడాలి. ఆయన్ని సంఘసంస్కర్తగా, గద్యతిక్కనగా స్మరించుకుంటాం. ప్రార్థనను నమ్మిన మనిషిగా తలుచుకోవడం తక్కువ. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం స్థాపించిన ఆయన, మరుసటి ఏడాదే వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగ ఉపన్యాసాలకు దిగారు. ఆ భక్తిని పక్కన పెడితే ఆ తెగువకు మూలం ఎక్కడుందో మనకు అంతుపట్టదు.

వితంతువుల పెళ్లికి 1856లోనే చట్టం వచ్చింది. ఆంధ్రదేశంలో మొదటిదిగా చెప్పుకునే వితంతు వివాహం మాత్రం 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో, పంతులుగారి ఇంట జరిగింది. పాతికేళ్లు అడ్డుపడింది వెలి భయం. వెలి పడ్డ ఇంటికి శుభానికీ అశుభానికీ ఎవరూ గడప తొక్కరు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. విద్యార్థులు కాపలా కాశారు, పోలీసు బందోబస్తు పెట్టించారు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసాయం చేశారు. పండితులు శాస్త్రమెత్తితే పంతులుగారూ శాస్త్రంతోనే జవాబిచ్చారు. అంతా దేవుడే చూసుకుంటాడని ఆ దంపతులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఊరి తీర్పుకు పైన మరో తీర్పు ఉందన్న నమ్మకం వాళ్లకు భయం లేకుండా చేసింది. మిగిలిన పనంతా ఒళ్లు వంచి చేసుకున్నారు.

వెలి వేసినవాళ్లూ దేవుడి పేరు చెప్పే వేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. నమ్మకం ఎంత గట్టిదైనా అది న్యాయమైనదని చెప్పలేం. అందుకే దాన్ని ఫలితంతో కొలవాలి: అది ఎవరి బరువు దించింది, ఎవరి నెత్తిన బరువు పెట్టింది? ఒక పక్షం పసితనంలోనే పసుపు కుంకుమలు పోగొట్టుకున్న పిల్లల మీద కష్టం మోపింది. రెండో పక్షం ఆ కష్టాన్ని తాను తలకెత్తుకుంది. దేవుణ్ణి నమ్మనివాళ్లకు ధైర్యం లేదా అన్నది మరో ప్రశ్న. ఉంది. నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా వెనకడుగు వేయలేదు. ధైర్యం భక్తుల సొత్తేమీ కాదు. అయితే భక్తుడినని చెప్పుకునేవాడు పిరికివాడిగా మిగిలితే మాత్రం ఆ భక్తిని ప్రశ్నించాల్సిందే.

ప్రార్థన గెలుపుకు పూచీ ఇస్తుందనీ అనలేం. పంతులుగారు ఎన్నో పెళ్లిళ్లు చేయించినా, 1919లో ఆయన కన్నుమూసేనాటికి వితంతు వివాహం సమాజంలో మామూలు విషయం కాలేదు. అయినా ఆయన పట్టు సడలలేదు. తన ఆస్తిని తాను నెలకొల్పిన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. గోదావరి జిల్లాల్లో ఈనాటికీ గుడి గంట, చర్చి గంట, మసీదు అజాన్ వినబడని ఊరు అరుదు. అదే ఊళ్లలో కులాంతర వివాహం చేసుకున్న జంటను ఇంటికి రానివ్వని పెద్దలూ ఉన్నారు. ప్రార్థన ముగించి లేచినవాళ్లు ఆ జంట పక్కన నిలబడాలి. నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు ఇంకా వదలకపోతే, మనం నమ్ముతున్నది దేవుణ్ణో ఆ నలుగురినో తేల్చుకోవాలి.