పెట్టెలు చాలు, పంతులు కావాలి

బహ్రెయిన్ రాజధాని మనామాలో సముద్రాన్ని పూడ్చి కట్టిన పేట సీఫ్. అక్కడి అద్దాల మేడల్లో కంప్యూటర్ ముందు బతుకు వెళ్లదీసే తెలుగువాళ్లకు సొంతూరి బడికి ఏదైనా చేయాలనిపిస్తే మొదట తోచేది కంప్యూటర్లే. పదో పన్నెండో కొనిస్తారు. సెలవుల్లో వెళ్లి రిబ్బన్ కత్తిరిస్తారు, గుమ్మం మీద తాతగారి పేరు రాయిస్తారు. మనసు మంచిదే. మరుసటి ఏడు ఆ గది తాళంచెవి ఎక్కడుందో మాత్రం అడగండి.

చాలా బడుల్లో అది హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది. సామాను స్టాకు రిజిస్టరుకెక్కింది. ఒక్క మౌస్ పోయినా సంజాయిషీ ఆయనదే. నేర్పే మనిషి లేడు, యూపీఎస్ బ్యాటరీ చచ్చింది, కీబోర్డు మీది ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది. ఆ కుర్చీలో మనమున్నా తాళమే వేస్తాం.

ప్రభుత్వాల తీరూ ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ఐదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. 2013లో గడువు తీరింది. ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డారు, యంత్రాలు దుమ్ముకొట్టుకున్నాయి. ఆ తర్వాత 2022 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ట్యాబులో ఎవరో చెప్పిన పాఠం చూడొచ్చు. ఉత్తరం టైపు చేయడం, లెక్కల పట్టిక కట్టడం, చిన్న ప్రోగ్రాం రాసి తప్పు వెతుక్కోవడం చూస్తూ కూర్చుంటే వచ్చేవి కావు. ఇక ఫోను వాడకమంటారా, అది మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. దేశంలోని పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేలో, 2024లో, 14-16 ఏళ్ల వాళ్లలో 82 శాతం మంది స్మార్ట్‌ఫోను వాడటం వచ్చన్నారు. అంతకు ముందు వారంలో సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం, చదువుకు వాడినవాళ్లు 57 శాతం.

మంచి దారి తెలియక కాదు. బహ్రెయిన్ రాజు హమద్ పేరిట, విద్యలో సాంకేతికత వాడకానికి యునెస్కో 2005లో ఒక బహుమతి నెలకొల్పింది. 2017కు దాన్ని అందుకున్న రెండింటిలో ఒకటి మన దేశపు ‘క్లిక్స్’. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ కలిసి నడిపిన ఈ పథకం పనిచేసిన నాలుగు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. సీఫ్‌లో ఎందరికి తెలుసో గాని, వాళ్లుంటున్న దేశపు రాజు పేరున్న బహుమతి మన సర్కారు బడుల్లో నడిచిన పనికి వచ్చింది. ఆ బడుల్లో పిల్లలు ఒక్కో కంప్యూటర్ ముందు జట్లుగా కూర్చుని, చతుర్భుజాల లక్షణాలను ఆధారాలుగా పట్టుకుని దొంగ ఆకారాన్ని వెతికే ఆట ఆడారు. తప్పు చెబితే వాదించుకుని మళ్లీ వెతికారు. టీచర్లకేమో సాంకేతికతతో బోధించడం మీద విశ్వవిద్యాలయ స్థాయి సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. ఈ రెండో పనిని మన ప్రభుత్వాలు ఎప్పుడూ ఖర్చుగానే చూస్తాయి. ట్యాబు పంచితే ఫొటో వస్తుంది, టీచరుకు శిక్షణ ఇస్తే రాదు.

మా మాట సూటిగా చెబుతాం. శాశ్వత కంప్యూటర్ టీచరు లేని ఉన్నత పాఠశాలకు కొత్త పరికరం ఒక్కటీ కొనకూడదు. కొనే ప్రతి యంత్రానికీ మరమ్మతు సొమ్ము అదే బడ్జెట్లో ఉండాలి. వాడకంలో చెడిన వస్తువుకు హెడ్మాస్టరు జేబు నుంచి కట్టే భయం లేకుండా ఉత్తర్వు ఇవ్వాలి. టీచరు లేనిచోట వీడియో పాఠమైనా మేలు కదా అంటారు కొందరు. కరోనా నాళ్లలో, బడే మూతపడినప్పుడు, అది సరైన మాట. ఇప్పుడు అది నియామకాలు తప్పించుకునే సాకు.

దాతలకూ ఒక మనవి. వచ్చే జూన్‌లో బడులు తెరిచాక కొత్త కంప్యూటర్లకు బదులు ఒక ఇన్‌స్ట్రక్టరుకు రెండేళ్ల జీతం ఇవ్వండి. ఇచ్చేముందు హెడ్మాస్టరును టైంటేబుల్ పంపమనండి. అందులో ప్రతి తరగతికీ వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు కనిపించాకే డబ్బు కదపండి.