ఏ సినిమా చూద్దాం?

మా సినిమా సంఘంలో ఈ నెల చిత్రం ఎంచే వంతు నాది. నోరు తెరవకముందే అందరూ ‘మాయాబజార్’ (1957) అనేశారు. కాదనేదెవరు? కాని అందరూ మెచ్చిన సినిమా మీద చర్చేమిటండీ? పది నిమిషాల్లో పొగడ్తలైపోతాయి, మిగిలేది కాఫీ! కిందటిసారి అంతే అయింది. ఇద్దరు కుర్రాళ్లు మళ్లీ రాలేదు.

అందుకే నేను ‘బంగారు పాప’ (1955) అన్నాను. బి.ఎన్. రెడ్డిగారి చిత్రం. జార్జ్ ఇలియట్ అనే ఆంగ్ల రచయిత్రి 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’ నవల దానికి ఆధారం. ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు అందరికీ తెలుసు. మొరటు కోటయ్యగా, దొరికిన పసిపాపను పెంచుతూ మెత్తబడిన రంగారావును ఎందరు చూశారు?

బిడ్డ పెంచినవాడిదా, కన్నవాడిదా? దీనిమీద మా ఇంట్లోనే రెండు పక్షాలు! చిన్నప్పుడే దత్తు వెళ్లిన మా బాబాయిగారు మాత్రం ఏ పక్షమూ చెప్పలేదు. ఇన్నాళ్లూ సంఘం గడప తొక్కని మనిషి, ఈసారి తానూ వస్తానన్నారు.