నేలకు జింకు, కూలితల్లికి నీతులు

వరిమడికి జింకు తక్కువైతే ఆకు చూసి చెప్పే విస్తరణాధికారికి, ఆ మడిలో నాటేసే మాదిగామె కనురెప్ప లోపల పాలిపోయిన సంగతి ఎందుకు కనపడదు? ఆయనకెవరూ నేర్పలేదు గనక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8. అయినా శిక్షణంటే విత్తనం, యూరియా, పురుగుమందే. తిండి సంగతి అంగన్‌వాడీ చూసుకుంటుందట! చేనునొక శాఖకు, పొయ్యినొక శాఖకు పంచిన తెలివి ఎవరిదో గానీ, మా ఇళ్ళల్లో అవి ఎన్నడూ వేరుగాదు.

కలుపని గడ్డిమందు కొట్టమంటారు. ఆ కలుపులోనే మా గునుగుకూర, తుమ్మికూర ఉన్నయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల దళిత మహిళలు కలగలుపు పంటలేసి ఈ కూరల్ని నిలుపుకున్నారు. వాళ్ళను శిక్షకులుగా కూచోబెట్టండి.

ఎప్పుడన్నా పోషకాహార పాఠం పెట్టినా పాలు, బాదంపప్పు. పెద్దకూర మాట నోటరాదు. ఆకుకూరలో ఇనుము కన్నా మాంసంలో ఇనుము తేలిగ్గా ఒంటబడుతుందని శాస్త్రమే చెబుతుంటే, మా బోటి, నల్ల, ఎండు తునకలు పాఠంలో ఎందుకు లేవు? శాస్త్రానికీ మడి కట్టారా? ఆకుకూరలో నిమ్మకాయ పిండమనీ, తిన్న వెంటనే టీ తాగొద్దనీ చెప్పేవాడూ లేడు.

పాసుపుస్తకం ఉన్నోడే రైతనుకోవటం మానండి. మీటింగు పొద్దున పదింటికి రైతువేదికలో గాదు, కూలి నుంచొచ్చాక వాడలో పెట్టండి. ఇంట్లో ఆఖరికి తినేదెవరని అడగటం మీ ఉద్యోగులకు నేర్పండి. ఆ ప్రశ్న మా మగవాళ్ళకీ గుచ్చుకుంటుంది, గుచ్చుకోనీయండి. మండల వ్యవసాయాధికారులకు ఈ అర్జీలే ఇస్తున్నాం. మీ ఊళ్ళ నుంచీ ఇవ్వండి.