బెల్టు సరే... సీటు సంగతేమిటి?

కూర్చునే తీరు తెలియక రక్షణ సాధనాలే గాయపరుస్తున్న వైనం

సూర్యాపేట: హైదరాబాద్-విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారిపై టోల్‌గేటు కనిపించగానే కార్లలో ఒక తంతు జరుగుతుంది. ముందు సీట్లలోని ఇద్దరూ గబగబా బెల్టు లాక్కుంటారు. పంతంగి అయినా, కొర్లపహాడ్ అయినా గేటు దాటిన మరుక్షణం అది యథాస్థానానికి చేరుతుంది. వెనుక సీటులోని వారికి ఆ మాత్రం శ్రమ కూడా లేదు. వారి బెల్టు కొక్కేలు చాలా కార్లలో సీటు కవర్ల కింద ఎప్పుడో కప్పబడిపోయాయి. అవగాహన సదస్సులన్నీ బెల్టు దగ్గరే మొదలై బెల్టు దగ్గరే ముగుస్తున్నాయి. ఆ బెల్టు, దానికి తోడు వచ్చిన ఎయిర్‌బ్యాగ్ ప్రాణం కాపాడాలంటే ముందు మనిషి సీటులో సరిగా కూర్చోవాలన్న విషయం మాత్రం ప్రస్తావనకే రావడం లేదు.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వీరిలో సీటు బెల్టు ధరించనివారు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384 మంది కాగా, ప్రయాణికులు 8,331 మంది. దాదాపు చెరిసగం. నడిపేవారికే బెల్టు అవసరమనుకునేవారు ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద స్వయంగా కారు నడుపుతూ దుర్మరణం చెందిన మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో వెల్లడించారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను ఢీకొన్నప్పుడు ముందు సీట్లలోని ఇద్దరూ తీవ్ర గాయాలతో బయటపడగా, వెనుక సీట్లలోని ఇద్దరూ మరణించారు. ప్రతి దుర్ఘటన తర్వాత వారం రోజులు చర్చ, ఆపై మరుపు మామూలే.

జానెడు దూరంలో ప్రాణం

2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. కనురెప్ప వేసేలోపే విచ్చుకునే ఈ సంచి, దాని మీదకు వంగి కూర్చున్న వారిని ఆదుకోవడానికి బదులు గట్టి దెబ్బ తీస్తుంది. ఛాతీ ఎముకకు, స్టీరింగ్ మధ్యభాగానికి నడుమ కనీసం 10 అంగుళాల ఎడం ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ సూచిస్తోంది. అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. కొత్తగా నేర్చుకున్నవారు, పొట్టిగా ఉన్నవారు బానెట్ కొస కనిపించాలన్న ఆరాటంతో స్టీరింగ్‌ను దాదాపు కౌగిలించుకుని నడుపుతున్నారు. సీటు ఎత్తు పెంచే మీట, స్టీరింగ్‌ను కిందకు దించే మీట చాలా కార్లలో ఉన్నా, ముందుకు జరగడం ఒక్కటే మార్గమని వారు భావిస్తున్నారు.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. నడుము సీటు మూలకు ఆనేలా పూర్తిగా వెనక్కి కూర్చోవాలి. బ్రేకు, క్లచ్ అడుగంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి. ఇక తల వెనుక దిండు. దీనిని చాలామంది నిద్రకు ఆసరా అనుకుంటున్నారు. వెనుక నుంచి మరో బండి గుద్దినప్పుడు మెడ వెనక్కి విరగకుండా ఆపేది అదే. దాని పైఅంచు నడినెత్తి ఎత్తుకు, కనీసం చెవుల పైభాగానికి రావాలి. మెడ దగ్గరే వదిలేస్తే అది లేనట్టే. వెనుక అద్దంలో అడ్డు వస్తోందని దానిని పీకి డిక్కీలో పడేసేవారూ లేకపోలేదు.

పక్క సీటులోని వారి తీరు మరో రకం. దూర ప్రయాణంలో సీటును మంచంలా వాల్చి, బెల్టు పెట్టుకునే నిద్రపోతారు. కారు హఠాత్తుగా ఆగితే అలా పడుకున్న శరీరం బెల్టు కిందుగా జారుతుంది. తుంటి ఎముకలపై ఉండాల్సిన పట్టీ మెత్తని పొట్టలోకి దిగి పేగులను, కాలేయాన్ని నలిపేస్తుంది. గర్భిణులు కింది పట్టీని పొట్ట మీదుగా కాక, పొట్ట కిందుగా తుంటిపై ఉంచుకోవాలి.

యజమాని సీటు... డ్రైవరు మొహమాటం

తిరుపతికో, శ్రీశైలానికో వెళ్లేటప్పుడు రోజు కూలికి యాక్టింగ్ డ్రైవరును పెట్టుకోవడం పట్టణాల్లో పరిపాటి. ఆరడుగుల యజమాని సర్దుకున్న సీటులో ఐదడుగుల డ్రైవరు రాత్రంతా కాలివేళ్లతో పెడల్ అందుకుంటూ నడుపుతాడు. సీటు కదిపితే సారుకు కోపం వస్తుందని సంకోచం. కొందరు యజమానులు నిజంగానే చిరాకు పడుతుంటారు. ఇంటిల్లిపాది ప్రాణాలు అతడి కాలి కింద ఉన్న సంగతి ఆ సమయంలో గుర్తుకు రాదు.

సీటు సర్దుకోవాలని అతడికి నేర్పినవారూ అరుదే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో డ్రైవింగ్ పరీక్షకు సంబంధించిన 15వ నిబంధన వెనుక అద్దం సర్దుకోవడంతోనే మొదలవుతుంది. సీటు ఎత్తు, దూరం కుదరకముందే అద్దం సర్దితే ఆ తర్వాత సీటు కదిలినప్పుడు అద్దంలోని దృశ్యమూ మారుతుంది. జిల్లా కేంద్రాల్లోని డ్రైవింగ్ స్కూళ్లలో ఒకే పాత కారు, అరగంటకో అభ్యర్థి. సీటు ఎక్కడుంటే అక్కడే కూర్చుని క్లచ్, గేరు నేర్చుకుని వెళ్లిపోతున్నారు.

ఒడిలో బిడ్డ భద్రమేనా?

అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయం పసిపిల్లలది. ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డ కనిపించని కారు అరుదు. తల్లి చేతుల కంటే భద్రమైన చోటు లేదన్నది మన నమ్మకం. లెక్క వేరేలా ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేనినో ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకుంటే, 10 కిలోల బిడ్డను పట్టి ఆపడానికి సుమారు 140 కిలోల బరువును మోసేంత బలం కావాలి. ఏ తల్లికీ అది సాధ్యం కాదు. పైగా ఎయిర్‌బ్యాగ్‌కు, తల్లికి మధ్య నలిగేది బిడ్డే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194-బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే రూ.1,000 జరిమానా. సీటు కవర్లకు, స్పీకర్లకు వేలు వెచ్చించేవారికి పిల్లల సీటు మాత్రం దండగ ఖర్చుగా తోస్తోంది.

బెల్టు పెట్టుకోకుండానే హెచ్చరిక మోతను ఆపే క్లిప్పుల అమ్మకాలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో చర్యలు తీసుకుంది. ఆన్‌లైన్ అంగళ్ల నుంచి అలాంటి ప్రకటనలు 13,118 తొలగించారు. సీటు కవర్ల కింద కప్పిపెట్టిన వెనుక కొక్కేలను బయటకు తీయించే పని మాత్రం ఎవరూ చేపట్టలేదు. టోల్‌గేటు వద్ద ఆగే అర నిమిషంలో వెనుక సీటు వైపు ఓ చూపు చూడటం పోలీసులకు భారమేమీ కాదు.

పాత సుమోలు, బొలేరోల వెనుక భాగంలో ఎదురెదురుగా ఉండే అడ్డ సీట్ల పరిస్థితి మరీ అధ్వానం. బెల్టు ధరించాలని చెప్పే 138వ నిబంధన వెనుక వరుసల్లో ముందుకు చూసే సీట్ల గురించి మాత్రమే మాట్లాడుతుంది. దాంతో అక్కడ కూర్చున్నవారికి బెల్టు లేదు, పెట్టుకోమని అడిగే నిబంధనా లేదు. పెళ్లిళ్ల కాలంలో పెద్దలు ముందు వరుసల్లో సర్దుకోగా ఆ సీట్లలోకి ఎక్కేది ఎక్కువగా పిల్లలే.