ఏసీ ఫిల్టర్ నల్లబడితే జీతం కోస్తారా?

జూన్ చివరి ఆదివారం సోనాపూర్‌లో ఒక క్యాంపుకు పోయాను. గదిలో కూర్చోకముందే ఒక తమ్ముడు పాత పేపర్లో చుట్టిన వస్తువు తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పి చూస్తే ఏసీ ఫిల్టర్. జాలీ మొత్తం తారు పూసినట్టు ఉంది.

"అన్నా, గిది మేమే ఖరాబు చేసినమట. మనిషికి 50 దిర్హమ్‌లు జీతంల కోస్తరట. కాయిదం మీద సంతకం పెట్టుమంటున్రు" అన్నాడు.

ఆ గదిలో ఎనిమిది మంది. ఆరుగురు జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు, ఇద్దరు కడప జిల్లా వాళ్లు. మొత్తం 400 దిర్హమ్‌లు. నేను చదివింది బీకాం, చేసేది లెక్కల ఉద్యోగం. ఎవరైనా ఖర్చు చూపిస్తే బిల్లు ఏదని అడగడం అలవాటు. ఇక్కడ బిల్లు ఆ ఫిల్టరే. దాన్ని చదవడం తెలిస్తే ఎవరి బాకీ ఎంతో తెలుస్తుంది.

ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ తిప్పేది గదిలో ఉన్న గాలినే. విండో ఏసీకి బయటి గాలి కోసం చిన్న మూత ఉన్నా, చల్లదనం పోతుందని మనవాళ్లు దాన్ని మూసే ఉంచుతారు. అంటే ఫిల్టర్‌కు పట్టేదంతా ఆ గదిలో ఉన్నదే. దుప్పట్ల నూగు, తల వెంట్రుకలు, ఒంటి మీది నుంచి రాలే పొట్టు, తలుపు సందులోంచి వచ్చే ఇసుక, సైటు నుంచి బట్టలకూ బూట్లకూ అంటుకొచ్చిన సిమెంటు పొడి. ఇవన్నీ కలిసి బూడిద రంగు చాపలాగా పేరుకుంటాయి. దుమ్ము గాలులు వీచే రోజుల్లో అదే మట్టిరంగుకు తిరుగుతుంది. ఈ రకం దుమ్ము నీళ్లు పోస్తే పోతుంది, భయం లేదు.

పసుపు, గోధుమ రంగులోకి వచ్చి వేలికి జిడ్డుగా తగిలితే సంగతి వేరు. అది సిగరెట్ పొగ, లేదా పోపు నూనె ఆవిరి. జిడ్డు మీద దుమ్ము పడితే అతుక్కుని ఊడదు. నల్లటి పొడి రాలితే మసి. మా ఇంట్లో ఉండేది నలుగురమే, సిగరెట్ తాగేవాళ్లు లేరు, అయినా హాల్లో ఏసీ ఫిల్టర్ ఏటా నల్లబడేది. మెకానిక్‌ను తిట్టాను కూడా. చివరికి చూస్తే మా ఆవిడ రోజూ వెలిగించే అగరుబత్తులు, శుక్రవారం సాంబ్రాణి. దేవుడి గూడు సరిగ్గా ఏసీ కిందే ఉంది!

ఇక నల్లగా, ఆకుపచ్చగా చుక్కలు చుక్కలుగా ఉండి ముక్క వాసన వస్తే అది బూజు. తేమ ఉన్నచోటే అది పెరుగుతుంది. మసా బూజా అని అనుమానం ఉంటే నీళ్లు కలిపిన క్లోరాక్స్ ఒక చుక్క ఆ మచ్చ మీద వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. రంగు తేలిపోతే బూజు అయ్యే అవకాశం ఎక్కువ. మారకపోతే మసి అనుకోవచ్చు. క్లోరాక్స్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ఆ తమ్ముడి ఫిల్టర్ మీద ఇవన్నీ ఉన్నాయి. కింద జిడ్డు, మీద సిమెంటు దుమ్ము, ఒక మూల బూజు చుక్కలు. గదిలోనే హాట్ ప్లేట్ మీద వండుతున్నారు, నేను మొహమాటం లేకుండా అడిగాను. క్యాంపు వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగక నెలలైంది, అక్కడ నిలబడలేకపోతున్నామన్నారు. బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారంటే మంచాల కడ్డీలు చూపించారు. ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోయి గోడ తడిసి ఉంది. ఆ తడి గోడ పక్కనే ఆ మూల బూజు.

తర్వాత గది కొలిచాం. 12 అడుగులకు 15 అడుగులు. అంటే 180 చదరపు అడుగులు, దాదాపు 16.7 చదరపు మీటర్లు. యూఏఈ నిబంధన ప్రకారం కార్మికుల గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలి, గదికి ఏసీతో పాటు గాలి ఆడే ఏర్పాటూ ఉండాలి. ఆ లెక్కన అది ఐదుగురి గది. ఎనిమిది మంది ఊపిరి తేమ, ఎనిమిది దుప్పట్ల నూగు, ఎనిమిది జతల బూట్ల దుమ్ము ఒకే జాలీ మీద పడుతుంటే అది నల్లబడక ఏమవుతుంది?

జీతం కోత సంగతికి వస్తాను. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టంలో 25వ ఆర్టికల్ ఏ కారణాలకు జీతంలోంచి కోయవచ్చో వరసగా చెప్పింది. కార్మికుడి తప్పు వల్ల వస్తువు పాడైతే కోయవచ్చని అందులో ఉంది, దాచను. కానీ దుమ్ము పట్టుకోవడమే ఫిల్టర్ ఉద్యోగం. అది నిండితే కడగాలి, చిరిగితే మార్చాలి. దీన్ని కార్మికుడు చేసిన నష్టంగా రాయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ జాలీ పెద్ద దుమ్మునే ఆపుతుంది. సన్నటి పొగ, నూనె ఆవిరి దాన్ని దాటి లోపలి కాయిల్‌కు పడతాయి. ఫిల్టర్ జిడ్డుగా ఉందంటే కాయిల్ కూడా జిడ్డు పట్టి ఉంటుంది. గాలి ఆడక కాయిల్ మీద ఐసు కడుతుంది, అది కరిగి గదిలో కారుతుంది, గది మాత్రం చల్లబడదు. ఇది మనం స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని కాదు. కాయిల్ సర్వీసు, పైపు శుభ్రం, వంటగది ఫ్యాను, ఈ మూడూ కంపెనీ పనులే.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ రూలు ఉంది. మంచిదే. కానీ రాత్రంతా ఉక్కపోతలో దొర్లి, నిద్రలేని కళ్లతో తెల్లారి పరంజా ఎక్కే మనిషిని ఆ రెండున్నర గంటలు ఎంతవరకు కాపాడతాయి? క్యాంపుల్లో ఏసీ గురించి మాట్లాడితే సుఖం అడుగుతున్నట్టు చూస్తారు. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

మన వంతు పని మనం చేయకపోతే నోరెత్తలేం. ఎండాకాలం వారానికోసారి, మామూలుగా రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి. ముందు స్విచ్ ఆపండి. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు చాలు. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి, ఎండలో పెడితే ఫ్రేము వంకర పోతుంది. గాలి మళ్లించడానికి ఏసీ నోటికి అట్టలు, టేపు అంటించొద్దు. గదిలో సిగరెట్ వద్దు. హాట్ ప్లేట్ అసలే వద్దు, ఏసీ కంటే ముందు మంచం అంటుకుంటుంది. కడిగిన ప్రతిసారీ తేదీ కనబడేలా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ గదివాళ్లు సంతకం పెట్టలేదు. ఫిల్టర్, తడి గోడ, తిరగని ఫ్యాను, గది కొలతలు ఫొటోలతో సహా ఒక కాగితం రాసి ఎనిమిది మందీ కలిసి క్యాంపు ఇన్‌ఛార్జికి ఇచ్చారు. జవాబు రాకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ 600590000 నంబరుకు ఫోన్ చేద్దామనుకున్నాం. ఆ అవసరం రాలేదు. జూలై జీతంలో కోత పడలేదు. మెకానిక్ వచ్చి కాయిల్ కడిగి, పైపు తీసి పెట్టాడు. వంటగది ఫ్యాను ఇంకా తిరగడం లేదు. మంచాలు మాత్రం ఎనిమిది అలాగే ఉన్నాయి, రెండో కాగితం దాని మీదే రాస్తున్నాం.